లెమన్ ముద్ర పడిన లగ్జరీ కారు కొనాలా, వద్దా: ఒక తనిఖీ కేస్ స్టడీ

2025 ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం ఫోను మోగింది. అవతల ఒక తెలుగు మహిళ. కాలిఫోర్నియాలో ఆసుపత్రి నర్సు, ఎక్కువగా రాత్రి షిఫ్టులు చేస్తుంది. "అన్నగారూ, మంచి లగ్జరీ ఎస్‌యూవీ దొరికింది. ఇలాంటి కార్లకు బయట పలికే ధర కన్నా ఎనిమిది వేల డాలర్లకు పైగా తక్కువ. కాకపోతే టైటిల్ మీద లెమన్ అని ఉందట. కొనమంటారా, వద్దంటారా?" టైటిల్ అంటే కారు యాజమాన్య పత్రం.

పాత కారు కొనేవారి తరఫున దాన్ని తనిఖీ చేయడం నా వృత్తి. ఈ ప్రశ్న తరచూ వింటాను. అడిగేవారికి కావలసింది ఒక్క మాట. కారు చూడకుండా, అంతకన్నా ముఖ్యంగా దాని మరమ్మతు కాగితాలు చదవకుండా, ఆ ఒక్క మాట చెప్పడం తప్పని నా నమ్మకం. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం కూడా అదే. మూడు గంటలు పరికరాలతో కారును పరీక్షించినా బయటపడని విషయం, ఒక తెల్లకాగితం మీద ఆరు తేదీలు వరుసగా రాసుకోగానే బయటపడింది.

లెమన్ అంటే చట్టం దృష్టిలో ఏమిటి

కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే మనకు, అమెరికాలో పదేపదే చెడిపోయే కొత్త కారును నిమ్మకాయ అని పిలవడం మొదట్లో వింతగానే ఉంటుంది. అక్కడ ఆ మాటకు చట్టం బరువు ఉంది. కాలిఫోర్నియాలో మూల చట్టం సాంగ్-బెవర్లీ వినియోగదారుల వారంటీ చట్టం, 1970 నాటిది. దానికి 1982లో టానర్ చట్టం తోడైంది. డెలివరీ తర్వాత 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగు లేదా అంతకన్నా ఎక్కువసార్లు మరమ్మతుకు ఇచ్చినా, ప్రాణాపాయం కలిగించే లోపానికి రెండుసార్లు ఇచ్చినా, మొత్తం మీద 30 రోజులకు పైగా కారు షాపులోనే ఉండిపోయినా, తయారీదారుకు తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టే అని చట్టం భావిస్తుంది. ఆ తర్వాత కారు మార్చివ్వాలి లేదా డబ్బు తిరిగివ్వాలి. ఈ లెక్క కొనుగోలుదారు వాదనకు ఊతమే తప్ప హద్దు కాదు. 18 నెలలు దాటిన కార్లనూ తయారీదారులు వెనక్కి తీసుకుంటారు.

అలా వెనక్కి వెళ్లిన కారు తుక్కు కాదు. మరమ్మతు చేసి మళ్లీ అమ్ముతారు. అయితే కాలిఫోర్నియాలో దాని టైటిల్ మీద "లెమన్ లా బైబ్యాక్" అనే ముద్ర శాశ్వతంగా ఉంటుంది. డ్రైవరు వైపు తలుపు చట్రానికి ఒక స్టిక్కరు అంటిస్తారు. కొనేవారికి సంతకం కోసం ఒక నోటీసు ఇస్తారు. మొదటి యజమాని చెప్పిన సమస్య ఏమిటి, దానికి ఏ మరమ్మతు చేశారు అనే రెండు వివరాలూ ఆ నోటీసులో తప్పనిసరిగా ఉండాలి. ఇవి కాక, ఆ లోపం ఇప్పుడు లేదని తయారీదారు కొత్త యజమానికి ఒక సంవత్సరం పాటు రాతపూర్వక వారంటీ ఇవ్వాలి.

కొన్ని కార్లను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తిప్పి, కొత్త టైటిల్ తీసుకునే క్రమంలో ఈ ముద్రను మాయం చేస్తారు. అందుకే 1992 నాటి వాహన దొంగతనాల నిరోధక చట్టం కింద ఏర్పడిన జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థలో విన్ నంబరు, అంటే కారు గుర్తింపు సంఖ్య, పెట్టి చూస్తాను. కారు గత చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్, ఆటోచెక్ నివేదికలు కూడా తీస్తాను. ఈ కారు విషయంలో దాపరికం ఏమీ లేదు. అన్ని చోట్లా ముద్ర స్పష్టంగా ఉంది. డీలరు కూడా మొదటి మాటలోనే చెప్పాడు. ఆ నిజాయితీకి అతనికి దక్కాల్సిన గౌరవం దక్కాలి.

కారు, కాగితాలు

2022 మోడల్ లగ్జరీ ఎస్‌యూవీ. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. 18,600 మైళ్లు తిరిగింది. పైకప్పు మొత్తం పరచుకున్న పెద్ద సన్‌రూఫ్, దానంతటదే తెరుచుకునే డిక్కీ తలుపు, ఎయిర్ సస్పెన్షన్, నాలుగు వైపులా కెమెరాలు. కొత్తలో 74,000 డాలర్ల కారు. డీలరు అడుగుతున్నది 38,900. ముద్ర లేని ఇలాంటి కార్లు ఆ వారంలో 47,000 నుంచి 48,000 మధ్య ఉన్నాయి.

నోటీసులో సమస్య గడిలో రాసింది ఇది: బ్యాటరీ డిశ్చార్జ్ అవుతోంది, పలు హెచ్చరిక దీపాలు వెలుగుతున్నాయి. మరమ్మతు గడిలో: బ్యాటరీ, బాడీ కంట్రోల్ మాడ్యూలు (తలుపులు, దీపాల వంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్) మార్చారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు.

చాలామంది దీన్ని చదివి ఊపిరి పీల్చుకుంటారు. సమస్య చెప్పారు, మరమ్మతు చెప్పారు, ఇంకేం కావాలి అనుకుంటారు. నాకు మాత్రం ఇక్కడే గుండెలో రాయి పడుతుంది. వర్క్‌షాపు కాగితంలో మూడు విషయాలు ఉండాలి: ఫిర్యాదు, కారణం, మరమ్మతు. ఈ నోటీసులో మొదటిది ఉంది, మూడోది ఉంది. మధ్యలో ఉండాల్సిన కారణం లేదు. బ్యాటరీ ఖాళీ అవడం జ్వరం లాంటిది. జ్వరం తగ్గిందని రాశారు. ఎందుకు వచ్చిందో రాయలేదు.

అసలు మరమ్మతు కాగితాలు కావాలని డీలరును అడిగాను. అతని దగ్గర లేవు. పట్టుబట్టి అడిగితే, ఆ కంపెనీ సర్వీసు కేంద్రం నుంచి పాత యజమాని వివరాలు కొట్టేసిన ప్రతులు తెప్పించాడు. దీనికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది, వేరేవాళ్లు కొనేస్తారేమోనని. "కొననివ్వండి అమ్మా, కాగితాలు లేకుండా మనం మాత్రం కదలొద్దు" అన్నాను. కాగితాలు చూపలేని లెమన్ కారును, ఎంత చవకైనా, ఎంత మెరిసినా, వదిలేయమనే చెబుతాను.

కాగితాల్లో ఆరు సందర్భాలు ఉన్నాయి. 2022 జూన్‌లో కారు డెలివరీ అయింది. అక్టోబరులో మొదటిసారి స్టార్ట్ కాలేదు. బ్యాటరీని చార్జ్ చేసి, పరీక్షించి, బాగుందని పంపారు. 2023 జనవరిలో మళ్లీ ఆగింది, బ్యాటరీ మార్చారు. ఫిబ్రవరిలో వెనక కెమెరా చీకటైంది, డిక్కీ తలుపు తనంతట తాను తెరుచుకుంది; సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. నవంబరులో మళ్లీ బ్యాటరీ ఖాళీ. డిక్కీ తలుపు మాడ్యూలు మార్చారు. 2024 జనవరిలో 19 రోజులు షాపులో ఉంది. బాడీ కంట్రోల్ మాడ్యూలు, మరో బ్యాటరీ. మార్చిలో 16 రోజులు. "సమస్య కనబడలేదు" అని రాసి ఇచ్చేశారు. ఆ తర్వాత తయారీదారు కారును వెనక్కి తీసుకున్నాడు. జూలైలో చివరి పరీక్ష చేసి, లోపం సరిచేశామని ధ్రువీకరించారు.

మొదటి చదువులో నాకు కూడా ఇది మామూలు ఎలక్ట్రికల్ కథలాగే కనిపించింది. కారుకు తాళం వేశాక కూడా ఏదో ఒక మాడ్యూలు నిద్రపోవడం లేదు, దాన్ని వెతికే క్రమంలో భాగాలు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయారు అనుకున్నాను.

మొదటి తనిఖీ

లిఫ్ట్ ఉన్న షాపుకు కారును తెప్పించుకున్నాను. పెయింటు మందం అన్ని పలకల మీదా సమానంగా ఉంది, ప్రమాదం జాడలు లేవు. బ్రేకులు, టైర్లు బాగున్నాయి. రాత్రంతా నిలిపి ఉంచినా ఎయిర్ సస్పెన్షన్ ఏ మూలా కుంగలేదు. జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో 17 అక్షరాల విన్ నంబరు కొట్టి చూస్తే పెండింగు రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి తయారీదారు వెనక్కి పిలిచిన సందర్భాలు, లేవు.

స్కానరు పెట్టాను. ఒక్క మాడ్యూలులోనూ లోపం కోడ్ లేదు. విలాసమైన కారులో పదుల సంఖ్యలో మాడ్యూళ్లు ఉంటాయి. ఏదో ఒక మూల పాత కోడ్ ఒకటైనా మిగిలి ఉండటం సహజం. ఇంత శుభ్రంగా ఉంటే, కోడ్‌లు చెరిపేశాక కారు ఎంత దూరం నడిచిందో చూస్తాను. ఇంజన్ కంప్యూటర్ ఆ లెక్క దాచి ఉంచుతుంది. 41 మైళ్లు. అంటే ఈమధ్యే ఎవరో చెరిపేశారు. అమ్మే ముందు డీలర్లు ఇలా చేయడం కొత్త కాదు, అది మోసమే అని తీర్మానించను. కానీ ఖాళీ స్క్రీను చూసి కారు ఆరోగ్యంగా ఉందని రాయడానికి వీల్లేదు.

తర్వాత అసలు పరీక్ష: తాళం వేసి వదిలేసిన కారు ఎంత కరెంటు తాగుతోంది. డిక్కీ, తలుపుల గొళ్లాలు మూసుకున్నట్టు కారును నమ్మించి, తాళంచెవి దూరంగా పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగకు క్లాంప్ మీటరు తగిలించి కూర్చున్నాను. ఇక్కడ తొందర పనికిరాదు. మాడ్యూళ్లు ఒక్కొక్కటే నిద్రలోకి జారుకోవడానికి అరగంట, కొన్ని కార్లలో ఇంకా ఎక్కువ పడుతుంది. నలభై నిమిషాల తర్వాత మీటరు 28 మిల్లీయాంపియర్ల దగ్గర నిలిచింది. 50 లోపు ఉంటే సాధారణంగా సరే అంటాం. 80 యాంపియర్-అవర్ల బ్యాటరీ ఆ లెక్కన సగానికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది.

కారు బాగుందని నివేదిక రాయడం మొదలుపెట్టాను. ఈ మాట దాచను.

తేదీలు

నివేదికలో మరమ్మతుల చరిత్రను వరుసగా రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. అక్టోబరు, జనవరి, ఫిబ్రవరి, నవంబరు, జనవరి, మార్చి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, 2023 ఎండాకాలం మొత్తంలో, ఒక్క ఫిర్యాదు లేదు. కారు ఆ నెలల్లో ఇంట్లో కూర్చోలేదు. ఫిబ్రవరికీ నవంబరుకీ మధ్య 6,000 మైళ్లకు పైగా తిరిగిందని ఆ కాగితాల్లోని మైళ్ల అంకెలే చెబుతున్నాయి. కాలిఫోర్నియాలో వానలు పడేది చలికాలంలో. ఎండాకాలంలో చినుకు పడటం అరుదు. ఈ కారుకు వాన పడినప్పుడే జబ్బు చేస్తోంది. దాన్ని నయం చేశామని ధ్రువీకరించిన పరీక్ష జూలైలో జరిగింది.

వెంటనే రీకాల్స్ ఉన్న వెబ్‌సైట్‌లోనే, తయారీదారులు వర్క్‌షాపులకు పంపే సాంకేతిక బులెటిన్లు మళ్లీ చూశాను. ముందురోజు "బ్యాటరీ" అనే మాటతో వెతికాను, ఏమీ దొరకలేదు. ఈసారి "నీరు" అనే మాటతో వెతికితే అదే మోడల్‌కు ఒక బులెటిన్ ఉంది: సన్‌రూఫ్ వెనక కుడి మూల నుంచి నీటిని బయటికి పంపే గొట్టం జాయింటు దగ్గర ఊడిపోవచ్చు, నీరు వెనక పక్క పలక లోపలికి దిగవచ్చు. డిక్కీ తలుపు మాడ్యూలు ఉండేది ఆ పలక వెనకే.

ఇక్కడ సన్‌రూఫ్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే లగ్జరీ కార్ల లెమన్ కథల్లో ఇది నేను పదేపదే చూసే ముడి. సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపాలని దాన్ని రూపొందించనూ లేదు. లోపలికి దిగిన నీరు చుట్టూ ఉన్న కాలువలో చేరి, మూలల్లో ఉన్న సన్నని గొట్టాల ద్వారా స్తంభాల లోపలి నుంచి కిందకు జారి, కారు అడుగున బయటపడుతుంది. ఆ గొట్టం ఆకులతో మూసుకుపోయినా, నలిగినా, ఊడినా నీరు కారు లోపలికే వస్తుంది. కార్పెట్ కింద ఉండే మందపాటి ఫోము ఆ నీటిని స్పాంజిలా పట్టుకుంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగానే తగులుతుంది. ఖరీదైన కార్లలో సీట్ల కింద, డిక్కీ పక్కల్లో, కాళ్ల దగ్గర మాడ్యూళ్లు, కనెక్టర్లు ఉంటాయి. కనెక్టరులో తేమ చేరితే పిన్నుల మధ్య కరెంటు దొంగదారిలో పారుతుంది. దాంతో మాడ్యూలుకు ఎవరో బటను నొక్కినట్టు అనిపిస్తుంది. అది మేలుకుంటుంది, తనతో పాటు మొత్తం నెట్‌వర్క్‌ను మేల్కొలుపుతుంది. ఎండ రాగానే ఆరిపోతుంది, జబ్బు మాయం. మెకానిక్కు "సమస్య కనబడలేదు" అని రాసింది అబద్ధం కాదు. అతను చూసినప్పుడు నిజంగానే లేదు.

డీలరుకు ఫోన్ చేసి, డిక్కీ లోపలి పక్క పలక ఊడదీయడానికి, సన్‌రూఫ్ కాలువలో అర లీటరు నీరు పోయడానికి అనుమతి అడిగాను. కాసేపు ఆలోచించి సరే అన్నాడు, రాతపూర్వకంగా. ఇలాంటి పరీక్ష యజమాని అనుమతి లేకుండా ఎవరూ చేయకూడదు.

పలక తీయగానే సగం జవాబు దొరికింది. లోపలి ఫోము మీద టీ మరకల్లాంటి నీటి గీతలు, ఒకదాని కింద ఒకటి మూడు. ఎర్త్ బోల్టు చుట్టూ తెల్లని పొడి. 2023 నవంబరులో మార్చిన మాడ్యూలు చూడటానికి కొత్తగానే ఉంది. కానీ దానికి తగిలించిన కనెక్టరు పాతదే, అందులో రెండు పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అంటే జబ్బు ఉన్న తీగకు కొత్త మాడ్యూలు కట్టారు. అంత పని చేసినవారు తలెత్తి నీటి గీతలు చూసి ఉంటే మొదటి యజమానికి ఆ చలికాలంలో ఇంకో రెండుసార్లు షాపుకు తిరిగే ప్రయాస తప్పేది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

నీరు పోశాం. ముందు రెండు మూలల నీరు ముందు చక్రాల వెనక, వెనక ఎడమ మూల నీరు బంపరు కింద బయటికి వచ్చింది. వెనక కుడి మూలలో పోసినది బయటికి రాలేదు. నాలుగైదు నిమిషాలకు పలక లోపల బొట్లు పడటం మొదలైంది. మళ్లీ క్లాంప్ మీటరు పెట్టి, కారును నిద్రపుచ్చి కూర్చున్నాను. 28 మిల్లీయాంపియర్లకు వచ్చింది, కాసేపు అక్కడే ఉంది, తర్వాత ఉన్నట్టుండి 2.6 యాంపియర్లకు లేచింది. దాదాపు తొంభై రెట్లు. కొన్ని నిమిషాలకు దిగింది, మళ్లీ లేచింది. చివరికి దిగడం మానేసింది.

ఈ లెక్క ఆమెకు ఏమిటి

2.6 యాంపియర్లు అంటే 12 గంటల షిఫ్టులో 31 యాంపియర్-అవర్లు. 80లో 31 పోతే కొత్త బ్యాటరీ బహుశా స్టార్ట్ చేస్తుంది. కొంచెం అలసిన బ్యాటరీ, చలి రాత్రి, షిఫ్టు కాస్త పొడిగింపు, ఇవి కలిస్తే చేయదు. తెల్లవారుజామున ఆసుపత్రి పార్కింగులో ఒంటరిగా నిలబడాల్సింది ఆమె. వారానికి ఒకసారి సరదాకు బయటికి తీసి, మిగతా రోజులు గ్యారేజీలో చార్జరుకు తగిలించి ఉంచే మనిషికి ఇదే లోపం చిరాకు మాత్రమే. ఒకే కారు, ఇద్దరికి రెండు సలహాలు. అందుకే తనిఖీకి ముందే నేను అడిగే ప్రశ్నల్లో సగం మనిషి గురించే ఉంటాయి: ఇంట్లో ఇంకో కారు ఉందా, ఎక్కడ ఆపుతారు, ఎన్నేళ్లు ఉంచుకుంటారు.

ఆఖరి ప్రశ్న డబ్బుకు ముడిపడి ఉంది. ముద్ర వల్ల వచ్చిన తగ్గింపు ఆదా అని అందరూ అనుకుంటారు. రెండు మూడేళ్లలో అమ్మేసేవారికి అది అప్పు లాంటిది. ఈ కారు మీద తగ్గింపు ఇంచుమించు 18 శాతం. మూడేళ్ల తర్వాత ముద్ర లేని కారు 33,000 పలుకుతుందని అనుకుంటే, అదే నిష్పత్తిలో ఈమె కారు 27,000 పలుకుతుంది. కొన్నప్పుడు మిగిలిన 8,600లో ఆరు వేలు అక్కడే తిరిగి వెళ్లిపోతాయి. ఎనిమిదేళ్లు ఉంచుకుంటే ఈ బాధ లేదు. కానీ అప్పుడు వారంటీ ముగిశాక వచ్చే ఖర్చులన్నీ తనవే: ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసరు, కెమెరాలు, మాడ్యూళ్లు. ఆమె నాలుగేళ్లు అనుకుంటున్నానంది. లెక్కకు అది ఇటూ కాదు, అటూ కాదు. కొందరు రుణదాతలు ముద్ర ఉన్న కారుకు అప్పు ఇవ్వరని, కొన్ని పొడిగింపు వారంటీలు ఇలాంటి కార్లను మినహాయిస్తాయని కూడా చెప్పాను. ఆమె బ్యాంకు ఇస్తానంది, పొడిగింపు వారంటీ కంపెనీ కాదంది.

ఇక రక్షణల సంగతి. కిటికీకి అంటించిన ఫెడరల్ బయ్యర్స్ గైడ్‌లో (డీలరు వారంటీ ఉందో లేదో చెప్పే పత్రం) డీలరు "ఉన్నది ఉన్నట్టుగా" అనే గడిలో టిక్కు పెట్టాడు. అంటే డీలరు బాధ్యత లేదు. తయారీదారు ఇచ్చే ఏడాది వారంటీ దానికి వేరుగా ఉంటుంది, 2026 జూన్ దాకా అసలు ఫ్యాక్టరీ వారంటీ కూడా ఉంది. కానీ వారంటీ ఉండటం వేరు, కారు మళ్లీ మొండికేస్తే డబ్బు వెనక్కి రావడం వేరు. 2024 అక్టోబరు 31న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఫ్యాక్టరీ వారంటీ కాలం ఇంకా మిగిలి ఉన్నంత మాత్రాన పాత కారు చట్టం చెప్పే "కొత్త వాహనం" అయిపోదు. కారు మార్చడం లేదా డబ్బు తిరిగివ్వడం అనే పరిహారం దానికి వర్తించదు. నేను న్యాయవాదిని కాను, ఆ మాట ఆమెకూ చెప్పాను. మొదటి యజమానిని కాపాడిన దారి తనను కూడా కాపాడుతుందని లెక్కేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

అప్పటి నిబంధన ప్రకారం 40,000 డాలర్ల లోపు పాత కార్లకు కాలిఫోర్నియా డీలర్లు రుసుము తీసుకుని రెండు రోజుల్లో రద్దు చేసుకునే వీలు ఇవ్వాల్సి ఉండేది. ఆమె దాని మీద ఆశ పెట్టుకుంది. వాన పడితే తప్ప కనబడని లోపానికి రెండు పొడి రోజుల గడువు ఏం చేస్తుంది?

నిర్ణయం

నా నివేదిక ఇలా ముగిసింది. కారు శరీరం, ఇంజన్, సస్పెన్షన్ బాగున్నాయి. వెనక్కి తీసుకోవడానికి కారణమైన లోపం ఇంకా కారులోనే ఉంది. ఇది నయమయ్యే లోపమే: గొట్టం సరిచేయాలి, తుప్పు పట్టిన కనెక్టరు, దాని వెనక హార్నెస్ (తీగల కట్ట) ముక్క మార్చాలి, ఎర్త్ శుభ్రం చేయాలి, ఫోము తీసి ఆరబెట్టాలి లేదా కొత్తది వేయాలి. నమ్మకమైన స్వతంత్ర షాపు దీనికి 2,900 డాలర్లు చెప్పింది. కానీ కొనేవారు ఈ పని చేయించకూడదు. కొనుగోలుకు ముందే, కంపెనీ సర్వీసు కేంద్రంలో, వారంటీ కింద జరగాలి. "నీటి లీకేజీ" అనే కారణం మరమ్మతు పత్రంలో అక్షరాలా ఉండాలి. ఆ తర్వాత నీటి పరీక్ష, రాత్రంతా కరెంటు కొలత మళ్లీ చేయాలి. ఇవన్నీ జరిగితే కొనదగ్గ కారు. జరగకపోతే ఈ ధరకే కాదు, ఇంకో ఐదు వేలు తగ్గించినా ఆమెకు వద్దు.

ధర తగ్గించి తీసుకుని తానే బాగుచేయించుకుంటే పోదా అని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏ తీగలోకి ఎంత దూరం తేమ పాకిందో పలకలన్నీ తీస్తే తప్ప తెలియదు. 2,900 అనేది కంటికి కనిపించిన దానికి వేసిన ధర.

డీలరు నివేదికనూ ఫోటోలనూ చూశాడు, వాదించలేదు. కారును సర్వీసు కేంద్రానికి పంపిస్తానన్నాడు, మూడు వారాలు పట్టొచ్చన్నాడు. ఆమె పాత కారు గేర్‌బాక్సు అప్పటికే చివరి దశలో ఉంది, మూడు వారాలు ఆగలేకపోయింది. ముద్ర లేని, ఒక మెట్టు కింది తరగతి కారు కొంది. ఆ కారును కూడా నేనే చూశాను. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, అందుకు సంతోషం.

ఎస్‌యూవీ మార్చి చివర్లో తిరిగి వచ్చింది. ఈసారి తనిఖీకి డీలరే పిలిచాడు. మరమ్మతు పత్రంలో కారణం గడి నిండి ఉంది: సన్‌రూఫ్ వెనక కుడి గొట్టం ఊడి నీరు దిగింది, హార్నెస్ కనెక్టరు తుప్పు పట్టింది. నీరు పోస్తే నాలుగు మూలలా బయటికి వచ్చింది. రాత్రంతా మీటరు రికార్డు చేసింది, 30 మిల్లీయాంపియర్లు దాటలేదు. ముద్ర మాత్రం అలాగే ఉంది, ఉంటుంది. ఇప్పుడు నన్ను అడిగితే, ఎక్కువ కాలం ఉంచుకునేవారికి ఆ కారు మంచి బేరం. డీలరు రెండు నివేదికలనూ కారు ఫైలులో పెట్టి, వచ్చినవారికి చూపించి అమ్మాడని తర్వాత తెలిసింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒకటి మారింది. ఇప్పుడు కారు దగ్గరికి వెళ్లకముందే మరమ్మతుల తేదీలు, మైళ్లు, ఆ నెలల వాతావరణం ఒకే కాగితం మీద రాసుకుంటాను. తేమ, చలి, ఎండ, దూర ప్రయాణం, వీటిలో దేనితో ఫిర్యాదు జత కడుతోందో చూశాకే ఏ పరీక్ష చేయాలో నిర్ణయించుకుంటాను. ఆ రోజు నివేదికలో చరిత్రను నేరుగా అతికించి ఉంటే, నా సంతకంతో ఆమె ఆ కారు కొనేది.

గత నెల ఆమె మళ్లీ ఫోన్ చేసింది. తమ్ముడు ఒక కారు చూశాడట, అదీ లెమన్ ముద్ర ఉన్నదే. "అన్నగారూ, కాగితాలు ముందే తెప్పించాను. తేదీలు వరుసగా రాసి పంపుతున్నాను" అంది. చూశాను. నాలుగు సందర్భాలు, వేసవిలో రెండు, చలికాలంలో రెండు. నాలుగింటిలోనూ ఫిర్యాదు ఒకటే: మలుపుల్లో డ్రైవరు సీటు కిర్రుమంటోంది. కారణం గడిలో సీటు ఫ్రేము వెల్డింగు పగులు అని ఉంది, మరమ్మతు గడిలో ఫ్రేము మార్చినట్టు ఉంది. శనివారం వెళ్లి ఆ సీట్లో కూర్చుని చూడాలి.